హరితగృహ ప్రభావం ప్రయోగ కిట్: పెట్టె మీది బొమ్మ కన్నా చివరి పేజీ మేలు

గాలిలోని కొన్ని వాయువులు భూమి వదిలే వేడిని సులువుగా పోనివ్వక నేలను వెచ్చగా ఉంచే హరితగృహ ప్రభావాన్ని ఒక్క పీరియడ్‌లో కళ్లకు కట్టిస్తామని చెప్పే ప్రయోగ కిట్లు ఇప్పుడు వేర్వేరు పేర్లతో దొరుకుతున్నాయి. పేర్లు వేరైనా లోపలి సరంజామా, చేయించే ప్రయోగాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కనుక, నేను తరగతిలో వాడి చూసిన కిట్ గురించి రాస్తున్నది ఆ కోవకు చెందిన తక్కినవాటికీ చాలావరకు వర్తిస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇందులోని పరికరాలు మంచివి, కొనదగినవి. కానీ పెట్టె మీద పెద్ద బొమ్మగా వేసి, మార్గదర్శినిలో ఎక్కువ పేజీలు కేటాయించిన ప్రయోగమే అన్నిటిలోకీ బలహీనమైనది. చివరి పేజీలో ‘అదనపు కృత్యం’ అన్న శీర్షిక కింద నాలుగు మాటల్లో ముగించినదే హరితగృహ ప్రభావపు కీలకాన్ని నిజంగా చూపించే ప్రయోగం.

కిట్‌లో లీటరు గాజు సీసాలు రెండు, వాటికి రంధ్రాలున్న రబ్బరు బిరడాలు, తీగ చివర కొన ఉండే డిజిటల్ థర్మామీటర్లు రెండు, స్టాండుతో కూడిన ఫిలమెంటు బల్బు, నలుపు, తెలుపు అట్టముక్కలు, వాయువు తయారీకి ఒక శాంకవ కుప్పె, రబ్బరు గొట్టం, వంట సోడా, నిమ్మ ఉప్పు పొట్లాలు ఉన్నాయి. వీటితోపాటు ఒక వైపు నల్లరంగు పూసి రెండో వైపు మెరుస్తూ వదిలేసిన రేకు డబ్బా, ఒక గాజు పలక, పలుచని నల్ల పాలిథిన్ షీటు, చేత్తో పట్టుకుని గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కూడా ఇచ్చారు. సీసాల గాజు మందంగా ఉంది, బిరడాలు బిగువుగా కూర్చుంటాయి. ఎల్ఈడీ దీపం కాకుండా ఫిలమెంటు బల్బు ఇవ్వడం సరైన నిర్ణయం. ఎల్ఈడీ వెలుతురులో పరారుణ (ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనిపించని వేడి కిరణాల) భాగం చాలా తక్కువ కనుక దాని కింద సీసాలు తగినంత వేడెక్కవు, పీరియడ్ పూర్తయినా చూపడానికి తేడా మిగలదు.

డిజిటల్ థర్మామీటర్ల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. తెర మీద డిగ్రీలో పదో వంతు వరకు అంకెలు కనిపిస్తున్నాయి గానీ, వాటి కచ్చితత్వం ఒక డిగ్రీ అటూఇటూ అని వెనుక ముద్రించి ఉంది. రెండు కొనలనూ ఒకే గ్లాసు నీళ్లలో ముంచి చూస్తే రెండూ ఒకే అంకె చూపవు. ఆ తేడాను ముందే రాసుకుని తర్వాతి అంకెల నుంచి తీసివేయాలి. మార్గదర్శినిలో ఈ మాట లేదు. ఒకటి రెండు డిగ్రీల తేడా మీద ఆధారపడి భూగోళపు ఉష్ణోగ్రత గురించి నిర్ధారణ చెప్పబోయే ప్రయోగంలో ఇది చిన్న లోపం కాదు.

మొదటి ప్రయోగంలో రెండు సీసాల్లోనూ నల్ల అట్టముక్క ఉంచి, ఒకదానికి బిరడా పెట్టి, రెండోదాన్ని తెరిచి ఉంచి, రెండిటినీ బల్బుకు సమాన దూరంలో నిలపాలి. బిరడా ఉన్న సీసా త్వరగా, ఎక్కువగా వేడెక్కుతుంది. ఎన్ని తరగతుల్లో చేయించినా ఫలితం తారుమారు కాని నమ్మకమైన ప్రయోగం ఇది. తర్వాత నల్ల అట్ట తీసి తెల్ల అట్ట పెట్టి చూడమనడం ఇంకా బాగుంది. గాజు గుండా లోపలికి వచ్చిన వెలుతురు నల్లని తలం మీద వేడిగా మారుతుందని, తెల్లని తలం దానిలో చాలా భాగాన్ని తిప్పి పంపేస్తుందని పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. భూమి మీద పడే సూర్యకాంతిలో సుమారు 30 శాతం మేఘాలు, మంచు, నేల, గాలి నుంచి అంతరిక్షంలోకి తిరిగి వెళ్లిపోతుందన్న విషయాన్ని అక్కడే చెబితే పాఠం చక్కగా అతుకుతుంది.

అయితే ఈ ఫలితానికి మార్గదర్శిని ఇచ్చిన వివరణ సరైనది కాదు. ‘గాజు వేడిని బంధించినట్లే వాతావరణంలోని వాయువులు వేడిని బంధిస్తాయి’ అని రాశారు. తెరిచిన సీసా చల్లగా ఉండటానికి ప్రధాన కారణం వేడెక్కిన గాలి తేలికై పైకి పోవడం, దాని చోటులోకి చల్లగాలి రావడం, అంటే ఉష్ణ సంవహనం. బిరడా పెడితే ఆ రాకపోకలు ఆగిపోతాయి. అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1909లోనే రెండు పెట్టెలతో దీన్ని పరీక్షించాడు. ఒక పెట్టెకు గాజు మూత, మరో పెట్టెకు పరారుణ కిరణాలను దాటనిచ్చే రాతి ఉప్పు పలక మూతగా పెట్టి ఎండలో ఉంచితే రెండిటి ఉష్ణోగ్రతలూ దాదాపు సమానంగానే వచ్చాయి. మొక్కలు పెంచే గాజు ఇల్లు వెచ్చగా ఉండటంలో పెద్ద పాత్ర గాలిని కదలనివ్వకపోవడానిదేనని దాని అర్థం. వాతావరణానికి అలాంటి మూత ఏదీ లేదు. అంతరిక్షంలోకి గాలి వెళ్లి చల్లబడటం అన్నది ఉండదు కనుక, భూమి తన వేడిని వదిలించుకోగల దారి వికిరణం, అంటే కిరణాల రూపంలో వేడిని వెదజల్లడం, ఒక్కటే. ఈ తేడా చెప్పకుండా మొదటి ప్రయోగాన్ని ముగిస్తే, విద్యార్థి మనసులో భూమి చుట్టూ ఒక గాజు కప్పు ఉన్నట్లు చిత్రం ఏర్పడి, పై తరగతులకు వెళ్లినా చెరగదు.

ఇక పెట్టె మీద బొమ్మగా వేసిన రెండో ప్రయోగం. ఒక సీసాలో మామూలు గాలి, మరో సీసాలో కార్బన్ డయాక్సైడ్ నింపి, రెండిటినీ బల్బు ముందు పెట్టి, నిమిషానికొకసారి ఉష్ణోగ్రత రాసుకుని గ్రాఫు గీయాలి. కార్బన్ డయాక్సైడ్ సీసా కొంచెం ఎక్కువ వేడెక్కితే హరితగృహ ప్రభావం నిరూపితమైనట్లు మార్గదర్శిని ప్రకటిస్తుంది. ఈ తరహా ప్రయోగానికి గౌరవనీయమైన చరిత్రే ఉంది. అమెరికాకు చెందిన యూనిస్ ఫుట్ అనే మహిళ గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులను నింపి ఎండలో ఉంచి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కడాన్ని, నీడలోకి తెచ్చాక చాలా ఆలస్యంగా చల్లబడటాన్ని గమనించింది. అలాంటి వాయువుతో నిండిన వాతావరణం భూమికి అధిక ఉష్ణోగ్రతను ఇస్తుందని ఊహించింది. ఆమె పత్రాన్ని 1856 ఆగస్టులో ఆల్బనీలో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో ఆమె బదులు భౌతికశాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ చదివి వినిపించాడు. ఆమె పేరు మార్గదర్శినిలో ఒక్కచోట కూడా లేకపోవడం నాకు బాధ కలిగించింది.

చరిత్ర గొప్పదైనా, గాజు సీసాలో జరిగేది వాతావరణంలో జరిగేది కాదు. భూమి వదిలే పరారుణ వికిరణంలో 15 మైక్రోమీటర్ల (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం చుట్టూ ఉన్న భాగాన్ని కార్బన్ డయాక్సైడ్ బలంగా పీల్చుకుంటుంది. రెండున్నర వేల డిగ్రీల ఫిలమెంటు నుంచి వచ్చే శక్తిలో అత్యధిక భాగం ఒకటి రెండు మైక్రోమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది, అక్కడ ఈ వాయువు పీల్చుకునేది స్వల్పం. నల్ల అట్ట వదిలే దీర్ఘతరంగ వికిరణాన్ని పీల్చుకోవడానికి అవకాశం ఉన్నా, వాయువు ఉన్నా లేకున్నా దాన్ని సీసా గాజు ఎలాగూ పూర్తిగా పీల్చేసుకుంటుంది. పైగా గాజు, వాయువు దాదాపు ఒకే వేడిలో ఉంటాయి కనుక లోపల ఏ వాయువు ఉన్నా వికిరణపు లెక్కలో చెప్పుకోదగ్గ మార్పు రాదు.

మరి ఆ సీసా ఎందుకు ఎక్కువ వేడెక్కుతుంది? కార్బన్ డయాక్సైడ్ గాలి కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది, వేడిని ప్రసరింపజేసే గుణం గాలికన్నా తక్కువ. పైభాగం మూయని సీసాలో అది అడుగున నిలిచిపోయి, పైనున్న గాలితో త్వరగా కలవదు. అందువల్ల సంవహనం మందగించి, వేడి బయటకు పోవడం తగ్గుతుంది. 2010లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్ పత్రికలో వచ్చిన ఒక పత్రం ఇదే తరగతి ప్రయోగాన్ని ఆర్గాన్ వాయువుతో చేసి చూపింది. ఆర్గాన్ పరారుణ కిరణాలను పీల్చుకోదు, అది హరితగృహ వాయువే కాదు. కానీ దాని బరువు కార్బన్ డయాక్సైడ్‌కు దగ్గరగా ఉంటుంది, ఫలితమూ దాదాపు అలాగే వచ్చింది. ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు. ఆర్గాన్ సమకూర్చుకోగల పాఠశాలలు మూడో సీసా పెట్టి, మొదట కారణం చెప్పకుండా ఫలితాలు చూపించి, అది ఎలా సాధ్యమని విద్యార్థులనే అడిగితే ఈ ప్రయోగం ఎంతో విలువైనదవుతుంది.

ఇది చాలదన్నట్లు, అమరికలోని చిన్న తేడాలు ఫలితాన్ని సులువుగా తలకిందులు చేస్తాయి. బల్బు నుంచి ఒక సీసా 20 సెంటీమీటర్ల దూరంలో, మరొకటి 22 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దగ్గరి దాని మీద సుమారు 21 శాతం ఎక్కువ శక్తి పడుతుంది. వాయువు వల్ల వచ్చే తేడా అంతా ఆ రెండు సెంటీమీటర్లలో కొట్టుకుపోతుంది. థర్మామీటర్ కొన మీద వెలుతురు నేరుగా పడితే అది వాయువు ఉష్ణోగ్రతను కాక తన సొంత వేడినే చూపిస్తుంది. అందుకు చిన్న కాగితపు గొడుగు కట్టాలి. సీసాల స్థానాలు మార్చి మళ్లీ చేయడం తప్పనిసరి. మార్గదర్శిని దూరం సమానంగా ఉండాలని మాత్రమే చెప్పి ఊరుకుంది, స్కేలుతో కొలవమని కూడా అనలేదు.

వాయువు తయారీ భాగం మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. గది ఉష్ణోగ్రతలో లీటరు వాయువుకు సుమారు మూడున్నర గ్రాముల వంట సోడా, మూడు గ్రాముల లోపు నిమ్మ ఉప్పు సరిపోతాయి. కానీ గాలిలో కలిసి పొర్లిపోయేది చాలా ఉంటుంది కనుక దానికి మూడింతలు వాడటం మేలు. ఈ చర్య వేడిని పీల్చుకుంటుంది, తేమను కూడా వెంట తెస్తుంది. అందువల్ల మార్గదర్శిని ‘సులభ పద్ధతి’గా సూచించినట్లు సీసాలోనే సోడా, నిమ్మ ఉప్పు కలపకూడదు. కుప్పెలో తయారుచేసి, గొట్టాన్ని సీసా అడుగు దాకా దించి నింపి, గది వేడికి వచ్చేదాకా ఆగాలి. కుప్పెకు గొట్టం తప్ప మరో దారి లేకుండా బిగించినప్పుడు గొట్టం మడతపడకుండా చూసుకోవాలి. ఒత్తిడి పెరిగితే బిరడా ఎగిరి కంటికి తగలవచ్చు. ఈ హెచ్చరిక మార్గదర్శినిలో పెద్ద అక్షరాల్లో ఉంది, అందుకు తయారీదారును మెచ్చుకోవాలి.

చివరి పేజీకి వద్దాం. రేకు డబ్బాలో మరిగిన నీళ్లు పోసి, దాని నల్లని వైపుకు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గురిపెట్టమంటారు. ఎనభై తొంభై డిగ్రీలు చూపిస్తుంది. మెరిసే వైపు గురిపెడితే, అవే నీళ్లు, అదే డబ్బా అయినా అంకె ఎంతో తగ్గిపోతుంది. నల్లని తలం వేడిని బాగా వెదజల్లుతుందని, మెరిసే తలం చాలా తక్కువ వెదజల్లుతుందని ఒక్క నిమిషంలో తేలిపోతుంది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త జాన్ లెస్లీ వేడినీళ్లు నింపిన ఘనాకారపు డబ్బాతో చూపించిన విషయమే ఇది. ఆ తర్వాత నల్ల పాలిథిన్ షీటును డబ్బాకూ థర్మామీటర్‌కూ నడుమ పట్టుకోవాలి. షీటు వెనుక డబ్బా కంటికి కనిపించదు. కానీ థర్మామీటర్ అంకె కొద్దిగా మాత్రమే తగ్గుతుంది. ఇప్పుడు షీటు తీసి గాజు పలక పట్టుకుంటే డబ్బా స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది, థర్మామీటర్ మాత్రం గది ఉష్ణోగ్రతకు దగ్గరగా పడిపోతుంది. కంటికి పారదర్శకమైనది పరారుణానికి గోడ, కంటికి గోడ అయినది పరారుణానికి కిటికీ. ఈ రెండు అంకెలు పక్కపక్కన పట్టికలో రాసుకున్న విద్యార్థికి, సూర్యకాంతిని లోపలికి రానిచ్చి భూమి వేడిని సులువుగా పోనివ్వని వాయువు ఉండటం ఎలా సాధ్యమో వేరే చెప్పనవసరం లేదు.

మార్గదర్శిని ఇక్కడితో ఆగిపోయింది, నేనైతే ఆగను. గాజు పలకను అలాగే డబ్బా దగ్గర మరికొంతసేపు పట్టుకుని ఉంచితే అంకె మెల్లగా పెరగడం మొదలవుతుంది. గాజు తాను పీల్చుకున్న శక్తితో వెచ్చబడి, తానే రెండు వైపులా వికిరణం వెదజల్లుతోంది. ఒక సగం ముందుకు, ఒక సగం వచ్చిన వైపుకే. వాతావరణంలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ అణువులు చేసేదీ ఇదే. అవి వేడిని పట్టి ఉంచుకోవు, పీల్చుకుని అన్ని దిక్కులకూ మళ్లీ వదులుతాయి, అందులో కొంత నేలకు తిరిగి చేరుతుంది. భౌతికశాస్త్రవేత్త జాన్ టిండాల్ 1859 నుంచి చేసిన కొలతల అమరికకు ఈ డబ్బా, పలకల ప్రయోగం ఎంత దగ్గరగా ఉందో ఉపాధ్యాయులు తప్పక చెప్పాలి. వాయువు నింపిన పొడవాటి గొట్టానికి రెండు చివర్లా గాజు పెడితే అదే వేడి వికిరణాన్ని అడ్డుకుంటుందని ఎరిగిన టిండాల్ రాతి ఉప్పు పలకలు అమర్చాడు. ఆక్సిజన్, నైట్రోజన్ ఆ వికిరణాన్ని దాదాపుగా పీల్చుకోవని, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ బాగా పీల్చుకుంటాయని కొలిచి చూపించాడు. రెండో ప్రయోగంలోని సీసాకు గాజు గోడలు ఎందుకు అడ్డమో కూడా ఈ ఒక్క కథతో తేటతెల్లమవుతుంది.

అదే థర్మామీటర్‌ను ఆరుబయటకు తీసుకువెళ్లి, సూర్యుడికి దూరంగా, మేఘాలు లేని ఆకాశానికి గురిపెడితే నేల కన్నా ఎంతో తక్కువ అంకె, పొడి వాతావరణంలో సున్నాకు బాగా కింది అంకె కనిపిస్తుంది. మేఘం మీదికి తిప్పగానే అంకె ఎగబాకుతుంది. ఆకాశం నుంచి నేలకు వస్తున్న వికిరణాన్ని విద్యార్థి తన చేత్తో కొలుస్తున్నాడన్నమాట. మబ్బు పట్టిన రాత్రి ఎందుకు అంతగా చల్లబడదో ఇక్కడే అర్థమవుతుంది. ఒక పరిమితి మాత్రం చెప్పాలి. ఇలాంటి థర్మామీటర్లు సాధారణంగా 8 నుంచి 14 మైక్రోమీటర్ల మధ్య పనిచేస్తాయి. నడుమ ఉన్న గాలి అడ్డు రాకూడదనే ఆ తరంగదైర్ఘ్యాలను ఎంచుకున్నారు కనుక, ఇది చూపే అంకెలో కార్బన్ డయాక్సైడ్ వాటా తక్కువ, నీటి ఆవిరి, మేఘాల వాటా ఎక్కువ.

మార్గదర్శినిలోని సిద్ధాంత భాగం పొట్టిగా ఉంది, కొన్ని అవసరమైన అంకెలు లేవు. వాతావరణం పరారుణాన్ని అసలే పీల్చుకోకపోతే, ఇప్పుడున్నట్లే 30 శాతం కాంతిని తిప్పి పంపే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేది. నిజంగా ఉన్నది సుమారు 15 డిగ్రీలు. ఆ 33 డిగ్రీల తేడాయే హరితగృహ ప్రభావం. దాని మూలం ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి చల్లబడటంలో ఉంది. అంతరిక్షంలోకి వెళ్లే వికిరణం సగటున సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తు నుంచి, మైనస్ 18 డిగ్రీల చల్లని గాలి నుంచి వెళ్తుంది. కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున కిందికి దిగివస్తే నేల దగ్గర 15 డిగ్రీలు వస్తాయి. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆ ఎత్తు మరింత పైకి, మరింత చల్లని చోటికి జరుగుతుంది. అక్కడి నుంచి బయటికి పోయే శక్తి తగ్గి, తిరిగి సమతూకం వచ్చేదాకా కింద వేడెక్కుతుంది. ఏ సీసాలోనూ ఐదు కిలోమీటర్ల ఎత్తు ఉండదు కనుక ఈ భాగాన్ని నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పవలసిందే.

పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల భాగాల గాలిలో సుమారు 280 భాగాలున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అంత కొంచెం వాయువు ఏం చేయగలదని ప్రతి తరగతిలోనూ ఒకరైనా అడుగుతారు, అది మంచి ప్రశ్న. మన నెత్తి మీది వాతావరణంలోని కార్బన్ డయాక్సైడ్ మొత్తాన్ని వేరుచేసి నేల మట్టపు ఒత్తిడి దగ్గర పరిస్తే సుమారు మూడున్నర మీటర్ల మందం గల పొర అవుతుంది. కిట్‌లోని సీసా వెడల్పు అందులో ముప్పయ్యో వంతు కూడా లేదు. ‘సీసాలో ఉన్నదే ఆకాశంలోనూ జరుగుతుంది’ అన్న మార్గదర్శిని వాక్యాన్ని తీసేసి ఈ లెక్క వేయిస్తే పిల్లలు సంతృప్తి పడతారు.

ఎనిమిది నుంచి పది తరగతుల వారికి ఈ కిట్ సరిపోతుంది. చిన్న తరగతులకైతే వేడినీళ్లు, వేడెక్కిన బల్బు పెద్దల చేతిలోనే ఉండాలి. ఒక పీరియడ్‌లో అన్నీ కుదరవు. మొదట డబ్బా, పలకల కృత్యం, తర్వాత నలుపు, తెలుపు అట్టల పోలిక, మరో రోజు రెండు సీసాల ప్రయోగం అన్న వరుసలో చేయిస్తే, చివరిదాన్ని నిరూపణగా కాక పరిశోధించవలసిన ప్రశ్నగా అందించవచ్చు. కొనేముందు పెట్టెలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉందో లేదో చూసుకోండి. అది లేకుండా సీసాలు, బల్బు, సోడా పొట్లాలు మాత్రమే ఇచ్చే రకం కూడా ఉంది. దానితో మిగిలేది సీసాల ప్రయోగాలే కనుక దాన్ని నేను సిఫారసు చేయను. ఆ సరంజామా ఏ పాఠశాల ప్రయోగశాలలోనైనా ఇప్పటికే ఉంటుంది.